కీళ్లు ఎన్ని రకాలు, ఏది ఎటు కదులుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిజియోథెరపీ కోసం నా దగ్గరికి వచ్చేవాళ్లు, వాళ్ల వెంట వచ్చే స్కూలు పిల్లలు, నర్సింగ్ చదివే అమ్మాయిలు ఏళ్ల తరబడి అడుగుతున్న ప్రశ్నలివి. మనిషి మారినా సందేహం మారడం లేదు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే నేరుగా దాని దగ్గరికే వెళ్లి చదువుకోవచ్చు. రాస్తున్నంతసేపూ నా మనసులో ఉన్నది ఒక్కటే: కదలిక మనకు కనిపించే చోటు వేరు, అది నిజంగా పుట్టే చోటు వేరు. ఈ తేడా తెలియకే చాలామంది ఆ పని చేయలేని కీలును బలవంతపెట్టి నొప్పి తెచ్చుకుంటున్నారు.

## మొదటిసారి చదివేవాళ్లకు

కీలు అంటే ఏమిటి? ఒళ్లు వంగే చోటల్లా కీలేనా?

రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఎముకలు కలిసే చోటు కీలు. పాత పుస్తకాల్లో సంధి అని ఉంటుంది. కలిసినంత మాత్రాన కదలాలని లేదు. పుర్రెలో ఎముకలు ఒకదాన్నొకటి కరుచుకుని ఉంటాయి. అవీ కీళ్లే, కానీ కదలవు. నాలుక ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, అందులో ఎముకే లేదు కాబట్టి కీలూ లేదు. పెద్దవాళ్ల ఒంట్లో 206 ఎముకలుంటాయి. వాటిలో నాలుక మొదట్లో, గొంతు పైభాగాన ఉండే హయాయిడ్ ఎముక మాత్రం వేరే ఏ ఎముకతోనూ కలవదు. కండరాలు, బంధనాల ఆసరాతో వేలాడుతూ ఉంటుంది.

ఒంట్లో మొత్తం ఎన్ని కీళ్లు? ఒక్కో చోట ఒక్కో లెక్క చెబుతున్నారే?

ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. లెక్కపెట్టే పద్ధతి వేరు, అంతే. మోచేతినే తీసుకోండి. బయటికి ఒక్క కీలులా కనిపిస్తుంది. లోపల మూడున్నాయి: జబ్బ ఎముక ముంజేతి ఎముకల్లో ఒకదానితో కలిసే చోటు, రెండోదానితో కలిసే చోటు, ఆ రెండు ముంజేతి ఎముకలూ తమలో తాము కలిసే చోటు. మూడింటికీ కలిపి ఒకటే సంచి. దాన్ని ఒకటి అనుకున్నవాళ్లకు ఒక లెక్క, మూడు అనుకున్నవాళ్లకు ఇంకో లెక్క వస్తుంది. పుర్రె అతుకులను కలిపితే అంకె ఇంకా పెరుగుతుంది. పిల్లలకు నేను చెప్పేది ఒకటే: అంకె బట్టీ పట్టకండి, ఒక్కో కీలు ఏం చేయగలదో చూడండి.

కీలు లోపల ఏముంటుంది? ఎముకకు ఎముక రాసుకుంటుందా?

ఆరోగ్యంగా ఉన్న కీలులో ఎముక ఎముకను తాకదు. కోడి తొడముక్క తిన్నప్పుడు ఎముక చివర తెల్లగా, నున్నగా మెరిసే భాగం చూసే ఉంటారు. అదే మృదులాస్థి. మన మోకాలు, భుజం లాంటి కీళ్లలోనూ ఎముక చివర అలాంటి పొరే ఉంటుంది, చాలా చోట్ల కొన్ని మిల్లీమీటర్ల మందంలో. చుట్టూ గట్టి సంచి. సంచి లోపలి పొర ఊరించే జిగట ద్రవం సైనోవియల్ ద్రవం. పచ్చి గుడ్డులోని తెల్లసొన ఎలా ఉంటుందో ఇంచుమించు అలా ఉంటుంది. ఎంత ఉంటుందని అడిగితే చాలామంది గ్లాసుడు అంటారు. అంత పెద్ద మోకాలిలో మామూలుగా ఉండేది ఒక టీస్పూన్ కూడా నిండదు. ఆ కాస్తతోనే జీవితమంతా నడుస్తాం.

లిగమెంట్, టెండన్ రెండూ ఒకటేనా?

కాదు. లిగమెంట్ ఎముకను ఎముకతో కడుతుంది. టెండన్ కండరాన్ని ఎముకతో కడుతుంది. మడమ వెనక తాడులా చేతికి తగిలేది టెండన్. కాలు మడతపడి చీలమండ బెణికితే, బయటివైపు సాగేదీ తెగేదీ సాధారణంగా లిగమెంట్. లిగమెంట్ కీలును హద్దు దాటనివ్వదు, టెండన్ కీలును కదిలిస్తుంది.

మా పుస్తకంలో కదిలేవి, కదలనివి అని ఉంది. అక్క పుస్తకంలో ఇంకేవో పేర్లున్నాయి. ఏది రాయాలి?

రెండూ సరైనవే, చూసే చూపు వేరు. ఎంత కదులుతుందో చూసి విడదీస్తే మూడు రకాలు: కదలనివి, కొద్దిగా కదిలేవి, స్వేచ్ఛగా కదిలేవి. మధ్యలో ఏముందో చూసి విడదీస్తే అప్పుడూ మూడే: గట్టి నారలాంటి కణజాలం ఉన్నవి, మృదులాస్థి ఉన్నవి, ద్రవం నిండిన సంచి ఉన్నవి. నారతో అతుక్కున్నవి ఎక్కువగా కదలవు, మృదులాస్థి ఉన్నవి ఎక్కువగా కాస్త కదులుతాయి, సంచి ఉన్నవి బాగా కదులుతాయి. అందుకే రెండు లెక్కలూ చాలావరకు కలుస్తాయి. ప్రశ్న కదలిక గురించి అడిగితే మొదటి వరస, నిర్మాణం గురించి అడిగితే రెండో వరస రాయండి.

## రకాలు నేర్చుకునేవాళ్లకు

కదలనప్పుడు కీలు ఎందుకు? పుర్రె ఒకే ఎముకగా ఉండొచ్చు కదా?

ఒకే ఎముకగా పుడితే బిడ్డ బయటికి రావడమే కష్టం. పుట్టేటప్పుడు తల ఎముకలు విడివిడిగా ఉండి, ఇరుకు దారిలో ఒకదానిమీదికొకటి కాస్త జరుగుతాయి. పుట్టాక మెదడు వేగంగా పెరుగుతుంది, దానికి చోటివ్వాలన్నా అతుకులు ఉండాల్సిందే. పెద్దయ్యే కొద్దీ ఆ అతుకులు బిగుసుకుంటాయి. పుర్రెలోని 22 ఎముకల్లో పెద్దయ్యాక స్వేచ్ఛగా కదిలేది కింది దవడ ఒక్కటే. పన్ను చిగురు లోపల ఎముక గుంటలో దిగబడి ఉండే చోటును కూడా కదలని కీళ్లలోనే చేరుస్తారు. ఇది విన్న ప్రతి పిల్లవాడూ నాలుకతో ఒకసారి పన్ను తోసి చూసుకుంటాడు.

కొద్దిగా కదిలే కీళ్లు అంటే ఏవి? ఆ కొద్ది కదలికతో ఏం లాభం?

వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు దీనికి మంచి ఉదాహరణ. ఒక్కో డిస్కు దగ్గర కదలిక కొద్ది డిగ్రీలే. కానీ అలాంటివి 23 ఉన్నాయి. అన్ని చోట్లా తలా కాస్త వంగితే వీపు విల్లులా వంగుతుంది. డిస్కులో నీరు ఎక్కువ. పగలంతా ఒంటి బరువుకు ఆ నీరు కొంత బయటికి పోయి, రాత్రి పడుకున్నాక మళ్లీ చేరుతుంది. అందుకే పొద్దున లేవగానే కొలిస్తే ఎత్తు సాయంత్రం కన్నా సెంటీమీటరు అటూ ఇటూగా ఎక్కువ వస్తుంది. ఇంట్లో గోడకు గీత గీసి చూడండి, పిల్లలకు బాగా గుర్తుండిపోతుంది.

పొత్తికడుపు కింద, కటి ఎముకలు ముందువైపు కలిసే చోటూ ఇలాంటిదే. గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల ప్రభావంతో అది కాస్త వదులవుతుంది. ఏడు, ఎనిమిది నెలల్లో అక్కడ పోటు వస్తోందని చెప్పే ఆడవాళ్లను ‘మామూలే, ఓర్చుకో’ అని వదిలేయకూడదు. కాళ్లు రెండూ దగ్గరగా పెట్టుకుని పక్కకు తిరగడం, ఒంటికాలి మీద నిలబడి బట్టలు వేసుకోకపోవడం లాంటి చిన్న మార్పులతోనే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది.

స్వేచ్ఛగా కదిలే కీళ్లు నాలుగు రకాలా, ఆరా?

చిన్న తరగతుల్లో నాలుగు చెబుతారు, పై చదువుల్లో ఆరు. మడత బందు కీలు తలుపులా ఒకే దారిలో ఆడుతుంది, మోచేయి, వేళ్ల కణుపులు ఇలాంటివి. బంతి గిన్నె కీలు అన్ని వైపులా తిరుగుతుంది, భుజం, తుంటి. బొంగరపు కీలు తన ఇరుసు మీద తిరుగుతుంది, మెడ పైభాగం. జారుడు కీలులో చదునైన ఎముకలు ఒకదానిమీద ఒకటి కాస్త జరుగుతాయి, మణికట్టు లోపలి చిన్న ఎముకలు. వీటికి ఇంకో రెండు కలపాలి: కోడిగుడ్డు ఆకారపు ఎముక, దానికి తగిన గుంట ఉన్న కీలు ఒకటి, ఇది ముంజేతి ఎముక మణికట్టును కలిసే చోటు. జీను ఆకారంలో ఉండే కీలు ఇంకొకటి, ఇది బొటనవేలి మొదట్లో. పేర్లు మర్చిపోయినా పర్వాలేదు. ఎముక చివర ఆకారం గుర్తుంటే కదలిక దానంతటదే గుర్తొస్తుంది.

మోచేయి తలుపు బందు లాంటిదే అయితే అరచేయి పైకీ కిందికీ ఎలా తిరుగుతోంది?

ఈ ప్రశ్న అడిగిన పిల్లలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. అరచేయి తిరగడం చూసి అందరూ అది మణికట్టు పని అనుకుంటారు. కాదు. మోచేయి నడుముకు ఆనించి, అరచేయి పైకి పెట్టండి. రెండో చేత్తో మణికట్టుకు కాస్త పైన ముంజేతిని గట్టిగా పట్టుకోండి. ఇప్పుడు అరచేయి తిప్పబోతే సరిగా తిరగదు.

ముంజేతిలో రెండు ఎముకలున్నాయి. చిటికెన వేలి వైపుది అల్నా, అది మోచేతి దగ్గర జబ్బ ఎముకను కొక్కెంలా పట్టుకుని తలుపు బందు పని చేస్తుంది. బొటనవేలి వైపుది రేడియస్. దాని పై చివర గుండ్రటి బిళ్లలా ఉండి, చుట్టూ ఉంగరంలాంటి లిగమెంట్‌లో ఇరుసులా తిరుగుతుంది. అరచేయి పైకి ఉన్నప్పుడు ఈ రెండూ పక్కపక్కన ఉంటాయి. కిందికి తిప్పగానే రేడియస్ అల్నా మీదుగా అడ్డంగా పడి, రెండూ కత్తెర వేసినట్టు అవుతాయి. దోసె తిరగేయడం, తాళంచెవి తిప్పడం, తడి బట్ట పిండడం అన్నీ ఈ రెండు ఎముకల పనే. చేయి విరిగి కట్టు విప్పాక ‘మణికట్టు తిరగడం లేదు’ అని వచ్చేవాళ్లలో చాలామందికి నిజంగా బిగుసుకుపోయింది ముంజేయి.

భుజం, తుంటి రెండూ బంతి గిన్నె కీళ్లే. మరి ఊడేది ఎప్పుడూ భుజమేనేం?

గిన్నె లోతులో ఉంది తేడా. తుంటి దగ్గర గిన్నె లోతుగా ఉండి తొడ ఎముక తలను బాగా కప్పేస్తుంది. ముందువైపు దాన్ని కాపాడే లిగమెంట్ ఒంట్లోకెల్లా బలమైనదని చెబుతారు. ఒంటి బరువంతా మోయాలి కాబట్టి ఆ కట్టుదిట్టం కావాలి. భుజం దగ్గరున్నది గిన్నె కూడా కాదు, మూకుడు అనాలి. జబ్బ ఎముక తలలో మూడో వంతుకు మించి అందులో ఇమడదు. చుట్టూ ఉన్న నాలుగు కండరాలే దాన్ని గిన్నెకు అదిమి పట్టి ఉంచుతాయి.

అంత వదులుగా ఉండబట్టే మనం వీపు గోక్కోగలుగుతున్నాం, జడ వేసుకోగలుగుతున్నాం, బంతి విసరగలుగుతున్నాం. దానికి ఇచ్చుకునే మూల్యం గూడ జారడం. జారితే దాదాపు ఎప్పుడూ ముందువైపుకే జారుతుంది. ఊళ్లో తెలిసినవాళ్ల చేత లాగించుకోకండి. ఎక్స్‌రే తీయకుండా లాగితే పక్కనున్న నరం దెబ్బతినొచ్చు, అప్పటికే ఎముక చిట్లి ఉంటే పూర్తిగా విరగొచ్చు. పాతికేళ్లలోపు ఒకసారి జారినవాళ్లకు మళ్లీ జారే అవకాశం ఎక్కువ, అందుకే సరిచేశాక ఆ నాలుగు కండరాలకూ వ్యాయామం తప్పనిసరి.

బొటనవేలి కీలుకు అంత ప్రత్యేకత ఏముంది?

అన్నం కలిపి ముద్ద చేసి నోట్లో పెట్టుకునేటప్పుడు ఒకసారి గమనించండి. నాలుగు వేళ్లు ముద్దను మోస్తాయి, బొటనవేలు వెనకనుంచి నోట్లోకి తోస్తుంది. ముగ్గు వేసేటప్పుడు పిండి సన్నగా జారాలంటే బొటనవేలు చూపుడువేలి కొన మీద ఆడాలి. బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల కొనలనూ తాకగలగడం వల్లే ఇదంతా. దాని మొదట్లో ఉన్న జీను ఆకారపు కీలు ముందుకూ వెనక్కూ, పక్కకూ ఆడుతుంది, దాంతోపాటే కాస్త తిరుగుతుంది. ఇంత పని చేసేది త్వరగా అరగడంలో వింత లేదు. యాభై దాటిన ఆడవాళ్లు సీసా మూత తిప్పేటప్పుడు బొటనవేలి మొదట్లో నొప్పి అంటే నేను ముందు చూసేది ఈ కీలునే.

చీలమండ పైకీ కిందికీ ఆడుతుందంటారు. మరి పాదం పక్కలకు ఎలా వాలుతుంది?

అక్కడ రెండు అంతస్తులున్నాయి. పై అంతస్తు చీలమండ కీలు, పాదాన్ని పైకెత్తడం, కిందికి వంచడం దాని పని. దాని కిందనే, మడమ ఎముక మీద ఇంకో కీలు ఉంది. పాదం లోపలికీ బయటికీ వాలేది దాని వల్ల. పొలం గట్టు మీద, గులకరాళ్ల మీద పడిపోకుండా నడిపించేది ఈ రెండోదే.

తల అవునని ఊపినా కాదని ఊపినా ఒకే మెడ కదా. కీలు కూడా ఒకటేనా?

కాదు, ఒకదాని కింద ఒకటి రెండున్నాయి. అవునని తల ఆడించేటప్పుడు పుర్రె మొదటి వెన్నుపూస మీద ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఆ పూస పేరు అట్లాస్. గ్రీకు పురాణాల్లో ఆకాశాన్ని మోసిన దేవుడి పేరు అది, ఇక్కడ తలను మోస్తోంది. కాదని ఆడించేటప్పుడు అట్లాస్, దానితోపాటు పుర్రె, రెండో పూస మీద తిరుగుతాయి. రెండో పూసకు పైకి పొడుచుకొచ్చిన మేకులాంటి ముక్క ఉంది, అదే ఇరుసు. మెడ తిరిగే మొత్తంలో దాదాపు సగం ఈ ఒక్క చోటే జరుగుతుంది.

సరే సరే అన్నట్టు మనవాళ్లు తలను అటూ ఇటూ వాల్చే కదలిక మాత్రం ఏ ఒక్క కీలుదీ కాదు, మెడలోని పూసలన్నీ తలా కాస్త పంచుకుంటాయి. మంగలి షాపులో మెడ పుటుక్కున విరిపించుకునే అలవాటు ఉంటే దయచేసి మానేయండి. మెదడుకు వెళ్లే రక్తనాళాలు ఆ పూసల పక్కనుంచే పోతాయి. విసురుగా తిప్పినప్పుడు అవి చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్యంలో నమోదయ్యాయి.

## రోజువారీ పనుల్లో సందేహం వచ్చినవాళ్లకు

దండెం మీద బట్టలు ఆరేసేటప్పుడు చేయి పూర్తిగా లేవడం లేదు. భుజం కీలు పాడైనట్టేనా?

చేయి తల పక్కదాకా లేవడం అంటే 180 డిగ్రీలు. అందులో భుజం కీలు ఇచ్చేది దాదాపు 120. మిగతా 60 వీపు మీది రెక్క ఎముక జరిగి, తిరిగితే వస్తుంది. ఇంట్లో ఒకరి చేత మీ వీపు మీద అరచేయి పెట్టించుకుని చేయి ఎత్తండి, రెక్క జరగడం వాళ్లకు తెలుస్తుంది. రోజంతా ముందుకు వంగి కూర్చునేవాళ్లలో రెక్క సరిగా జరగక, చేయి ఎత్తినప్పుడు భుజం పైన నొప్పి రావచ్చు. చేయి మీరు ఎత్తినా లేవక, ఇంకొకరు లేపినా లేవకపోతే భుజం బిగుసుకుపోయి ఉండొచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. దానికి తొందరగా చూపించుకోవాలి.

బాసింపట్టు వేసుకుని కూర్చుంటే మోకాళ్లు పాడవుతాయంటున్నారు, నిజమా?

కాళ్లు మడిచి కూర్చునే భంగిమలో మోకాలు మడతపడుతుంది, కానీ కాలు బయటికి తెరుచుకునేది తుంటి వల్ల. మోకాలు ప్రధానంగా తలుపు బందు లాంటిది, మడిచినప్పుడు మాత్రం కొంచెం మెలి తిరుగుతుంది. తుంటి బాగా తెరుచుకునేవాళ్లు గంటలు కూర్చున్నా ఏమీ కాదు. తుంటి బిగుసుగా ఉన్నవాళ్లు అలాగే కూర్చోవాలని పాదాన్ని చేత్తో పట్టుకుని తొడ మీదికి లాగుతారు. అప్పుడు తుంటి ఇవ్వని మలుపును మోకాలు ఇవ్వాల్సి వస్తుంది, లోపలివైపు నెలవంక ఆకారపు మెత్త నలుగుతుంది. పద్మాసనంలో మోకాలి లోపలివైపు చురుక్కుమంటే ఆపేయండి.

కూర్చున్నప్పుడు మోకాళ్లు నడుము కన్నా పైకి లేచి ఉంటే, మడిచిన దుప్పటి పిర్రల కింద వేసుకోండి. కూచిపూడి నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులకూ ఇదే మాట. మోకాళ్లు మడిచి సగం కూర్చున్నట్టు నిలబడే అరమండిలో పాదాలు పక్కలకు తిరగాలంటే ఆ తిరగడం తుంటి నుంచి మొదలవ్వాలి. మోకాలు పాదం బొటనవేలి కన్నా లోపలికి వాలుతుంటే గురువుగారికి చెప్పి, తెరుచుకునేది తగ్గించమనండి. అరిగిన మోకాళ్లు ఉన్న పెద్దవాళ్ల సంగతి వేరు, వాళ్లకు కుర్చీయే మేలు.

గంటలు నిలబడినా మోకాలు మడతపడిపోదు, ఎలా?

కాలు నిటారుగా చాచే చివరి క్షణంలో తొడ ఎముక కాలి ఎముక మీద కాస్త లోపలికి మెలి తిరిగి బిగుసుకుంటుంది. లిగమెంట్లన్నీ బిగుతవుతాయి, కండరాలకు పెద్దగా పని ఉండదు. మళ్లీ మడవాలంటే మోకాలి వెనకున్న పాప్లిటియస్ అనే చిన్న కండరం ముందుగా ఆ గడియ తీయాలి. క్యూలో నిలబడ్డ స్నేహితుడి మోకాలి వెనక తడితే కుప్పకూలేది అందుకే. పిల్లలూ, అది ఎవరి మీదా చేయకండి.

బిందె ఎత్తుతుంటే నడుము పట్టేసింది. నడుము వంగడానికే కదా ఉంది?

నేల మీదిది అందుకోవడానికి వంగినప్పుడు ఆ వంపులో పెద్ద వాటా తుంటిది కావాలి. నడుము పూసలు ముందుకూ వెనక్కూ బాగానే వంగుతాయి, కానీ మెలి తిరగడం వాటికి చేతకాదు. పూసల వెనకున్న చిన్న జారుడు కీళ్లు దాదాపు నిలువు గోడల్లా నిలబడి తిరగనివ్వవు. వంగి, బరువెత్తి, అలాగే పక్కకు తిరిగితే డిస్కు మీద రెండు రకాల ఒత్తిడి ఒకేసారి పడుతుంది. మోకాళ్లు మడిచి, బిందెను పొట్టకు దగ్గరగా పట్టి లేవండి. పక్కకు పెట్టాలంటే నడుము తిప్పకుండా పాదాలు తిప్పండి.

మెటికలు విరిస్తే కీళ్లు అరిగిపోతాయా?

మా ఇంట్లోనూ దిష్టి తీసి మెటికలు విరిచిన అమ్మమ్మే, పిల్లలు విరిస్తే తిట్టేది. ఆ శబ్దం ఎముకలది కాదు. వేలిని లాగినప్పుడు కీలు లోపల ఒత్తిడి తగ్గి, ద్రవంలో కరిగి ఉన్న వాయువు బుడగ కడుతుంది. 2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం పరిశోధకులు వేలు లాగుతూ ఎంఆర్ఐ తీస్తే, శబ్దం వచ్చిన క్షణంలోనే ఆ ఖాళీ ఏర్పడటం కనిపించింది. వాయువు మళ్లీ కరగడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది. అందుకే వెంటనే ఇంకోసారి విరిస్తే మోగదు.

డొనాల్డ్ అంగర్ అనే అమెరికన్ వైద్యుడు దశాబ్దాలపాటు ఎడమచేతి మెటికలే విరుస్తూ, కుడిచేతిని వదిలేసి, చివరికి రెండూ పోల్చి చూశాడు. ఏ చేతికీ కీళ్లవాతం రాలేదు. 2009లో ఆయనకు ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు, నవ్విస్తూనే ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే సరదా బహుమతి అది. ఒక్క మనిషి అనుభవం రుజువు కాకపోవచ్చు, కానీ నొప్పి లేని శబ్దానికి టెన్షన్ పడక్కర్లేదు. నొప్పితోనో వాపుతోనో వచ్చే శబ్దం వేరు, దాన్ని చూపించుకోవాలి.

## పిల్లలున్నవాళ్లకు

పాప మాడు కొట్టుకుంటోంది. అక్కడ ఎముక లేదా? ఎప్పుడు పూడుతుంది?

తల ఎముకలు ఇంకా కలవని చోటు అది, గట్టి పొర కప్పి ఉంటుంది. కింద రక్తనాళాల నాడి వల్ల కొట్టుకున్నట్టు కనిపిస్తుంది, అది మామూలే. వెనకవైపుది రెండు మూడు నెలల్లో, ముందుది సాధారణంగా ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య, కొందరికి రెండేళ్ల దాకా పూడుతుంది. ఆముదం అద్దితే త్వరగా పూడదు, అద్దకపోతే ఆగదు. బిడ్డకు విరేచనాలై మాడు లోపలికి గుంటపడినా, జ్వరంతో మాడు ఉబ్బినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి.

చెయ్యి పట్టుకుని పైకి లాగాం, అప్పటినుంచి బాబు ఆ చెయ్యి కదపడం లేదు. విరిగిందా?

ఏడాది నుంచి నాలుగేళ్ల లోపు పిల్లల్లో ఇది తరచూ జరుగుతుంది. ముంజేతిలో బొటనవేలి వైపుండే ఎముక రేడియస్, దాని పై చివరను పట్టి ఉంచే ఉంగరంలాంటి లిగమెంట్ ఆ వయసులో ఇంకా వదులుగా ఉంటుంది. ఒంటిచేత్తో బస్సు మెట్టు మీదికి లాగినా, చేతులు పట్టుకుని గిరగిరా తిప్పినా ఎముక దానిలోంచి కాస్త జారుతుంది. బిడ్డ చెయ్యి కాస్త మడిచి ఒంటికి ఆనించి పెట్టుకుని ఏడుస్తాడు, వాపు పెద్దగా ఉండదు. తెలిసిన డాక్టరు ఒక్క నిమిషంలో సరిచేస్తారు, చాలాసార్లు కాసేపటికే ఆ చేత్తో బొమ్మ అందుకుంటాడు. ఇంట్లో మీరు తిప్పి చూడకండి. పిల్లలను ఎత్తాలంటే రెండు చంకల కింద చేతులు పెట్టి ఎత్తండి. ఈ సంగతి తాతయ్యలకూ, అమ్మమ్మలకూ కూడా చెప్పండి, ముద్దు చేస్తూ ఊపేది వాళ్లే.

మా అమ్మాయి వేళ్లు వెనక్కి విల్లులా వంగుతాయి. రెండేసి కీళ్లున్నాయా?

లేవు, అందరికీ ఉన్నన్నే. లిగమెంట్లు, కీలు సంచి కాస్త సాగే గుణంతో పుట్టాయి, అంతే. పిల్లల్లో, అందులోనూ ఆడపిల్లల్లో ఇది ఎక్కువ. నొప్పి లేకపోతే జబ్బు కాదు. కానీ అందరికీ చూపించడానికని వెనక్కి వంచుతుంటే మాత్రం ఆపించండి. అలాంటి కీళ్లకు కావాల్సింది ఇంకా సాగదీయడం కాదు, చుట్టూ కండబలం.

## మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు

మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందన్నారు. గుజ్జు అంటే ఏది? పాయా తాగితే మళ్లీ వస్తుందా?

మనవాళ్లు గుజ్జు అనేది ఎక్కువగా మృదులాస్థిని. దానికి రక్తనాళాలు లేవు, అందుకే అరిగితే చర్మంలా మానుకోదు. నరాలు కూడా లేవు, అందుకే మొదట్లో అరుగుతున్నా తెలియదు. నొప్పి తెలిసేది చుట్టుపక్కల ఉన్న సంచి, ఎముక, కండరాల నుంచి. మేకకాళ్ల సూపులోని ప్రొటీన్ కడుపులో అరిగి చిన్న ముక్కలైపోతుంది, నేరుగా మోకాలికి పోయి అంటుకోదు. రుచి కోసం తాగండి, అందులో తప్పేమీ లేదు. కానీ దాని మీద ఆశ పెట్టుకుని నడక, బరువు సంగతి వదిలేయకండి. మెట్లెక్కేటప్పుడు మోకాలి మీద పడే భారం ఒంటి బరువుకు మూడింతల దాకా ఉంటుంది. అందుకే అయిదు కిలోలు తగ్గినా మోకాలికి దక్కే సుఖం ఎక్కువ.

అరిగిన మోకాలితో నడిస్తే ఇంకా అరగదా?

ఈ భయంతోనే చాలామంది మంచానికి అతుక్కుపోతున్నారు, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. మృదులాస్థికి రక్తం అందదు కాబట్టి అది కీలు ద్రవం నుంచే ఆహారం తీసుకుంటుంది. తడి స్పాంజిని నొక్కి వదిలినట్టు, అడుగు వేసినప్పుడు నలిగి, ఎత్తినప్పుడు పీల్చుకుంటుంది. కదలకపోతే ఆ రాకపోకలు తగ్గుతాయి, తొడ కండరం సన్నబడుతుంది, దాంతో మోకాలి మీద భారం పెరుగుతుంది. చదును నేల మీద, నొప్పి పెరగనంత దూరం నడవండి. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి, తొడ బిగించి, అయిదు అంకెలు లెక్కపెట్టి దించండి. రోజుకు రెండుసార్లు, ఒక్కో కాలికి పదేసి చొప్పున మొదలుపెట్టొచ్చు.

ఆపరేషన్‌తో కీలు మారిస్తే మళ్లీ నేల మీద కూర్చోవచ్చా?

తుంటి బంతి గిన్నె ఆకారం లోహంతో, ప్లాస్టిక్‌తో అనుకరించడానికి కాస్త వీలుగా ఉంటుంది. ఇంగ్లండ్‌లో జాన్ చార్న్లీ 1962లో స్టీలు బంతి, గట్టి ప్లాస్టిక్ గిన్నెతో మొదలుపెట్టిన పద్ధతే ఈనాటి తుంటి మార్పిడికి పునాది. మోకాలు అంత సులువు కాదు, అది మడుస్తూ, జారుతూ, కాస్త మెలి తిరుగుతుంది. మార్చిన మోకాలు చాలామందికి 110, 120 డిగ్రీల దాకా మడతపడుతుంది. కుర్చీలో కూర్చోవడానికి, మెట్లెక్కడానికి అది చాలు. గొంతు కూర్చోవడానికి అంతకన్నా ఎక్కువ మడత కావాలి. ఇంట్లో ఉన్నది నేల మరుగుదొడ్డి అయితే ఆపరేషన్‌కు ముందే కమోడ్ పెట్టించండి, తర్వాత చూద్దామనుకోకండి.

ఏ నొప్పికి ఆగొచ్చు, దేనికి ఆగకూడదు?

ఎక్కువ నడిచినందుకో, ఎక్కువ పని చేసినందుకో వచ్చి రెండు రోజుల్లో తగ్గేదానికి ఆగొచ్చు. ఒక్క కీలు వాచి, ఎర్రబడి, వేడిగా ఉండి, దానితోపాటు జ్వరం వస్తే ఆ రోజే వెళ్లాలి, లోపల చీము పడితే కొద్ది రోజుల్లోనే మృదులాస్థి పాడైపోతుంది. దెబ్బ తగిలాక నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే కావాలి. మోకాలు సగంలో ఇరుక్కుని చాపలేకపోతే లోపలి నెలవంక ఆకారపు మెత్త చిరిగి అడ్డుపడి ఉండొచ్చు. పొద్దున్నే రెండు చేతుల వేళ్లూ బిగుసుకుని, వదులు కావడానికి అరగంట, గంట పడుతూ, ఇది వారాల తరబడి సాగితే అది అరుగుదల కాకపోవచ్చు, కీళ్లవాతానికి రక్తపరీక్ష చేయించాలి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు నొప్పి ఎక్కడ అని మాత్రమే కాకుండా, ఏ పని చేస్తే వస్తోందో కూడా చెప్పండి: మెట్లు దిగితేనా, మూత తిప్పితేనా, జడ వేసుకుంటేనా.